భుజాలు లేవకూడదట

కొట్టండి, ఇంకా కొట్టండి! ఆ చెంచా వంగిపోయేదాకా మంచం కమ్మీ మీద వాయించండి. ఒక దెబ్బంటే నా భుజాలు లేచాయని, రెండంటే పెదవి జారిందని. తెలుసు లెండి. గొంతుకి ఆపరేషన్ చేసి మీ మాట తీసేశారు గానీ, నా మీద మీ పెత్తనం మాత్రం చెక్కుచెదరలేదు.

మీకేం, జీవితమంతా నాటకాల కంపెనీలో ఫ్లూటు ఊదారు. నేనేం చేశానూ? ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టాను. ఈ వయసులో మీ ఫ్లూటుని అడ్డంగా పట్టుకుంటే మెడ పట్టేస్తోంది, కళ్ళు తిరుగుతున్నాయి. వచ్చేది స్వరమా? పంక్చరైన ట్యూబు చప్పుడు!

ఆఁ, ఆఁ, ఊపిరి పొట్టలోంచే తీస్తున్నాను. గాలంతా ఒక్కసారి వదిలెయ్యకుండా, సన్నగా, ఫ్లూటు రంధ్రం అవతలి అంచుకి తగిలేలా వదలాలి. గోడకి కాగితం ముక్క ఆనించి, అది జారకుండా ఊపిరితోనే నిలబెట్టడం కూడా నేర్పించారుగా. పక్కింటావిడ కిటికీలోంచి చూసి నాకు మతి పోయిందనుకుంది. పోయినా బాగుండును.

ముందీ పాలు తాగండి. మూతి తిప్పకండి. కోపమొచ్చిందా? రానివ్వండి. కోపమొచ్చిన పూటే కదా మీరు నాలుగు చుక్కలు మింగేది! నేను కాస్త బాగా ఊదానా, ఇంక చాలన్నట్టు కళ్ళు మూసుకుంటారు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఏమన్నారు మీరు? గాలి పీల్చుకోడానికి మెడలో రంధ్రం పెట్టాక మీ ఊపిరి పెదవుల దాకా రాదాయె. ఉత్త పెదవులు కదిపి చెప్పారు. "నువ్వు ఒక్క నిండు స్వరం వినిపించు. ఆ తర్వాత నా నోట్లో ఏమీ పొయ్యకు."

అంటారా ఆ మాట? కట్టుకున్న పెళ్ళాంతో? ఊదడం నేర్చుకుని మరీ మిమ్మల్ని నేనే సాగనంపాలా?

ఏంటలా చూస్తారు? కొట్టడం ఆపేశారేం?

సరే, వినండి. ఆ నిండు స్వరం నాకు వచ్చేసింది. పోయిన వారమే వచ్చేసింది. మీరు నిద్రపోతుంటే వంటింట్లో తలుపేసుకుని ఊదాను. భుజాలు లేవలేదు, పెదవి జారలేదు, ఊపిరి అయిపోయేదాకా ఎక్కడా వణకలేదు. మీరే ఊదుతున్నారేమో అనిపించింది. సంతోషించానా? అక్కడే కూలబడి ఏడ్చాను. మీ చెవిన పడిందేమోనని పరుగెత్తుకొచ్చి, మీ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను.

అప్పట్నుంచీ కావాలనే తప్పు ఊదుతున్నాను. అదెంత కష్టమో మీకేం తెలుసు? అలవాటైపోయి భుజాలు వాటంతటవే కిందికి దిగిపోతుంటే, బలవంతాన పైకి లేపుతున్నాను.

మోసమనుకోండి. తిట్టుకోండి. రేపూ తప్పే ఊదుతాను, ఎల్లుండీ అంతే. మీరు బతికుండి నాకు వంకలు పెడుతూ ఉండండి. నాకింకేం వద్దు.