నాలుగు గొట్టాలు

పర్యావరణహిత భవనాల సదస్సు, రెండో రోజు పొద్దున. వేదిక వెనక గదిలో తన ప్రసంగం కోసం ఎదురుచూస్తున్న ఇంజనీరు, అదే భవనం కప్పు మీది తోట చూసుకునే ఆమె బాబాయ్. మధ్యమధ్య తలుపు తీసే నిర్వాహకురాలు.

“తోటలో మోకాలి లోతు నీళ్ళా? నువ్వు సరిగ్గా చూశావా బాబాయ్?”

“నా ప్యాంటు చూడు అమ్మడూ. ఇది అబద్ధమాడుతుందా?”

“మెల్లగా! తలుపవతల జనం ఉన్నారు.”

“జనం ఉన్నారనే కదా దిగి వచ్చాను. ఎంతమందుంటారు?”

“నాలుగొందలు. సరిగ్గా మన తోట కిందే. మూడు రోజులు వాన పడితే మాత్రం ఏంటి, నీళ్ళు పోవడానికి నాలుగు గొట్టాలు పెట్టాను. ఎలా నిలుస్తాయి?”

“గొట్టాల్లో గోనెసంచులు కుక్కాను.”

“కుక్కావా? ఎవరు చెప్పారు నీకు?”

“పోనీలే, ఇప్పుడదంతా ఎందుకు?”

“చెప్పు బాబాయ్. ఎవరు చెప్పారు?”

“నువ్వే. నిన్న మధ్యాహ్నం, ఫోన్లో. అతిథులు ఎక్కే మెట్ల మీద బురదనీళ్ళు కారుతున్నాయి, పరువు పోతోంది, ఏదో ఒకటి అడ్డం పెట్టు అన్నావు.”

“ఒక్క గంట పెట్టమన్నాను!”

“గంట అనలేదు అమ్మడూ.”

“అనలేదా?”

“అనలేదు. పెట్టమన్నావు, పెట్టాను. నాలుగింటికీ.”

“దేవుడా.”

“మేడమ్, పది నిమిషాల్లో మీరే! కిటికీల గురించి మాట్లాడేవారు ముగింపుకొచ్చారు. ఈయనెవరండీ?”

“మా బాబాయ్. పైన తోట చూస్తారు.”

“అబ్బ, ఆ తోటేనా! పొద్దున్నుంచీ అందరూ దాన్నే పొగుడుతున్నారు. మేడమ్, మీరు మాత్రం మొదలుపెట్టడమే అదిరిపోవాలి. నిన్న కరెంటు పొదుపు ఆయన హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, మంటలంటుకున్నాయి పరిగెత్తండి అన్నారు. సగం మంది నిజమనుకుని లేచారు. తర్వాత ఒకటే నవ్వులు! అప్పట్నుంచి వచ్చినవాళ్ళంతా అలాంటిదే ఏదో ఒకటి చేస్తున్నారు. మీరూ ఆలోచించండి.”

“ఆలోచిస్తాను. కాస్త తలుపు వేస్తావా అమ్మా?”

“అలాగే మేడమ్.”

“బాబాయ్, విను. పైకెళ్ళి ఆ సంచులు లాగెయ్. పావుగంటలో నీళ్ళు దిగిపోతాయి. నేను మాట్లాడేసి వచ్చేస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు.”

“ముందు జనాన్ని బయటికి పంపించు.”

“ఏమని పంపను? ఈ కప్పు లెక్క వేసింది నేనే, దాన్ని చూపించి గొప్పలు చెప్పుకోడానికి వచ్చిందీ నేనే. ఇప్పుడు లేచి పొండి అననా? రేపట్నుంచి కోళ్ళగూడు కట్టడానికి కూడా నన్నెవరూ పిలవరు.”

“నీ లెక్కలో అది ఎన్ని నీళ్ళు మోస్తుంది?”

“నీళ్ళు నిలవవు అని రాశాను. గొట్టాలున్నాయి కదా!”

“అంటే?”

“అంటే తడిమట్టి బరువు వేశాను. చెరువు బరువు వెయ్యలేదు.”

“మరి...”

“మరీ లేదు, గిరీ లేదు. ఎంత లెక్కైనా కొంత ఎక్కువే వేసి కడతాం. ఓర్చుకుంటుంది. వెళ్ళు, సంచులు తియ్యి.”

“హాలు వెనక తలుపు పొద్దున్నుంచీ తెరుచుకోవట్లేదు. చూశావా?”

“వానకి చెక్క ఉబ్బుతుంది.”

“అది ఇనపతలుపు అమ్మడూ.”

“ఎవరో గడియ పెట్టుంటారు.”

“గడియ నేనే తీశాను. భుజంతో తోశాను. పై చట్రం వచ్చి దాని నెత్తిన కూర్చుంది.”

“భయపెట్టకు బాబాయ్.”

“నేనే భయపడి వచ్చానే. నలభై ఏళ్ళు మట్టితో బతికాను. మట్టంటే భయం వెయ్యడం ఇదే మొదటిసారి.”

“అందుకే కదా తియ్యమంటున్నాను! ఇక్కడ నిలబడి కబుర్లేంటి? ఎందుకు కదలవు?”

“తియ్యడానికి...”

“నీ వల్ల కాకపోతే చెప్పు, నేనే ఎక్కుతాను.”

“ముందు కూర్చో.”

“కూర్చోను. తీస్తావా, తియ్యవా?”

“సంచులు తెల్లారగానే తీసేశాను.”

“ఏంటీ?”

“నాలుగూ తీసేశాను. గొట్టాల దగ్గర చుక్క నీరు లేదు. అన్నీ నడిమికి పోయి నిలిచాయి. నిన్నటిదాకా గొట్టాల వైపు వాలుగా ఉన్న కప్పు, ఇవాళ నడుమ కిందికి దిగింది.”

“ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదు?”

“బకెట్లతో తోడుతున్నాను. నీ రోజు పాడుచెయ్యడం ఎందుకు, నేనే తోడేద్దాంలే అనుకున్నాను. తోడేదానికన్నా కురిసేది ఎక్కువైపోయింది.”

“నడుమ అంటే... దాని కింద...”

“కుర్చీలే. ఒక్కటి కూడా ఖాళీ లేదు, ఇప్పుడే చూసొచ్చాను.”

“మేడమ్, రండి రండి, పేరు పిలిచేశారు!”

“వస్తున్నా. అమ్మా, నువ్వు పక్క తలుపులు రెండూ బార్లా తెరిపించు. బాబాయ్, నువ్వు ఆ గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని బయటికి పంపు. పైకి మాత్రం ఎక్కకు, నా మీద ఒట్టు.”

“తలుపులా? ఏసీ పోతుంది మేడమ్, ఎందుకు?”

“తెరిపించు! ఆ మైకు ఇటివ్వు.”

“ఇదిగోండి మేడమ్.”

“అందరికీ నమస్కారం. మీ నెత్తి మీద ఒక తోట ఉంది. దాని లెక్క వేసింది నేను. నిన్న దాని నీళ్ళు పోయే దారి మూయించిందీ నేనే. ఆ కప్పు ఇప్పుడు కిందికి దిగుతోంది. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు. బ్యాగులు వదిలేసి పక్క తలుపుల్లోంచి బయటికి నడవండి. ఇప్పుడే. లేవండి! మీకు దణ్ణం పెడతాను, లేవండి!”

“అదిరిపోయింది మేడమ్! ఆ ఏడుపు గొంతు కూడా అచ్చం నిజంలాగే... చూడండి, ఒక్కరు కూడా కుర్చీ వదల్లేదు, హాలంతా చప్పట్లే!”