జములమ్మ పేరు మీద ఆపేసిన పని

ఈ సభకు పెద్దగా కూసున్న మన చేనేత సంఘం అధ్యక్షులు ఆశన్న గారికి, ఆయన పక్కన కూసొని నేనెప్పుడు ముగిస్తనా అని గడియారం చూస్తున్న మేనేజరు కృష్ణయ్య గారికి (నవ్వులు), మగ్గాల పని ఇడిచి వచ్చిన గద్వాల అన్నలకు, అక్కలకు, వనపర్తి నుంచి బస్సెక్కి వచ్చిన మా వియ్యంకునికి, అందరికీ ఈ దశరథం దండాలు.

"దశరథం నెమ్మదస్తుడు, ఎవర్నీ ఒక్క మాటనడు" అని ఇంతసేపు పొగిడిండ్రు, కడుపు నిండింది. కంప్యూటర్ సెక్షన్ల నా కొలువు ఇయ్యాలటితోని అయిపోయింది గనుక చెప్తున్న, నాకు మస్తు కోపమున్నది. ఆ కోపం మా సరోజ గురించి. సెక్షన్ల అందరికంటే ముందు ఈ సభకు పిలవవలసిన పిల్లను సస్పెండు చేసి ఇంట్ల కూసోబెట్టిండ్రు. ఎంక్వైరీ నేనుండంగనే పెట్టుండ్రి అంటే, "మీరు రిటైరైనంక నిమ్మళంగ పెడతం" అన్నరు. సోమారానికి పెట్టిండ్రు. ఎందుకో మీకు తెల్వదా?

అసలు సంగతి చాలామందికి ఎరుక లేదు, జర ఓపికతోని వినుండ్రి. మన సంఘంల పెద్ద కంప్యూటర్ ఒకటే, దానికి నాలుగు తెరలు. నలుగురు పిల్లలు కూసొని మీకెంత నూలు ఇయ్యాల్నో రాసే చిట్టీలు ఎక్కిస్తరు. యంత్రం ఒకటే అయినా ఎవరి ప్రోగ్రాం వారికి వేరే నడుస్తది. తేడా తెలవాలని ఆ నాలుగు ప్రోగ్రాంలకు నేను నాలుగు వాడల పేర్లు పెట్టిన. ఆయుధపూజ నాడు కృష్ణయ్య గారు తెరలకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఈ వాడల పేర్లేంది దశరథం, శుభమా? అన్నిటికీ జములమ్మ తల్లి పేరు పెట్టు" అన్నరు. వద్దు సార్, ఏది ఎవరిదో తెల్వకుంట పోతది అన్న. "నీకు భక్తి లేదయ్యా" అన్నరు. (నవ్వులు) ఇగ తప్పక నాలుగింటికీ ఆ పేరే పెట్టిన. నవ్వకుండ్రి, అక్కడనే వచ్చింది తిప్పలు.

మొన్న శ్రావణం పెండ్లిండ్ల చీరల కోసం మీరంత నూలుకు లైన్ల నిలబడ్డ పొద్దున, సరోజ తెర కదలకుండ ఆగిపోయింది. అదేం పెద్ద రోగం కాదు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకు యంత్రం ఒక నంబరిస్తది. సరోజది ఏ నంబరో చూసి దాన్ని ఆపితే, మిగిలిన ముగ్గురికి ఖబర్ గూడ ఉండదు. నేను ఆఫీసు పని మీద నాగర్‌కర్నూల్ పోయి ఉన్న. సరోజ ఫోన్ చేస్తే "నేనొచ్చేదాక ఎవర్నీ ముట్టనియ్యకు" అన్న. కృష్ణయ్య గారికి ఓపిక లేకపాయె. తన గదిల ఉన్న వేరే తెర ముంగట కూసొని కిల్‌ఆల్, అంటే అన్నిటినీ చంపు అని కొట్టి, దాని పక్కన జములమ్మ అని రాసిండ్రు! తల్లి పేరు రాసి చంపుమన్నరు! ఆ కమాండు నంబరు అడగది. ఆ పేరుతోని నడిచేది ఎవరిదైనా సరే, పట్టుకొని ఆపుతది. మన వాడల నిలబడి "జములమ్మా" అని పిలిస్తే ఎన్ని తలుపులు తెరుచుకుంటయి? గట్లనే నాలుగు తెరలు ఒక్కపాలి పోయినయి. రాస్తున్న ఫైళ్లు సగంల తెగి ఖరాబైనయి.

బాలకిష్టయ్య మామా, నువ్వు చెప్పు. పడుగుల ఒక్క పోగు తెగితే ఏం చేస్తవు? ఆ పోగు ఎతికి ముడేస్తవా, పడుగంత కత్తెర పెట్టి కోస్తవా?

(ముందు వరుసలకెల్లి: "కోస్తె మా ఇంటిది నన్ను ఇంట్లకు రానిస్తదా!" నవ్వులు.)

ఇప్పుడు నవ్వుతున్నం గని, ఆ దినాలల్ల ఎవరు నవ్వలే. చిట్టీలు లేక నూలు రాలే, సీజన్ల మగ్గాలు ఆగినయి. మీరు కోపంతోని ఆఫీసు మీదికొచ్చిండ్రు, న్యాయమే. అప్పుడు ఈ మేనేజరు పెద్దమనిషి సరోజను మీ ముంగట నిలబెట్టి "ఈ పిల్లనే ఖరాబు చేసింది" అన్నడు. మీరు ఆ పిల్లను తిట్టిండ్రు. కాళ్లు పడిపోయి మగ్గం గుంతల దిగలేని తండ్రిని ఆ పిల్ల కొలువే సాకుతున్నది. అది పోతే ఆ ఇల్లు ఏం గావాలె?

అయ్యా, సరోజ పాస్‌వర్డుతోని సరోజ ప్రోగ్రామే ఆగుతది. ఆ కమాండు పొద్దందాక కొట్టినా పక్క పిల్లది ఆగదు. అందరివీ ఆపాలంటే పెద్ద పాస్‌వర్డు కావాలె. అది ఇద్దరి దగ్గరనే ఉన్నది. ఒకడు ఆ పొద్దు నాగర్‌కర్నూల్ల ఉన్నడు. ఇంకొకరు...

(మైకు ఆగింది.)

మైకు బందు చేసిండ్రు. మంచిది. మగ్గాల చప్పుడుల పుట్టి పెరిగినోన్ని, నా గొంతుకు మైకెందుకు? ఇంకొకరు మీరే, కృష్ణయ్య గారూ! మీ ముఖం మీదనే అంటున్న. తప్పు చేసుడు ఒక ఎత్తు, దాన్ని ఆడపిల్ల నెత్తిన రుద్దుడు ఇంకో ఎత్తు. సిగ్గు గాలేదా?

సోమారం నేను సరోజ పక్కన కూసుంట. కానీ నా ఒక్కని మాట చాలదు, "నువ్వు ఆ పొద్దు ఊర్లనే లేవు" అంటరు. చూసినోళ్లు ఈ హాల్లనే ఉన్నరు. ఎవర్నీ పేరు పెట్టి లేప. కొలువు భయం నాకు తెల్వదా...

ఏందమ్మా రాధా? ఎందుకు లేచినవ్? జర గట్టిగ చెప్పు, మైకు లేదు.

(రాధ చెప్తున్నది.)

విన్నరా? సరోజ పక్క తెర మీద పనిచేసే పిల్ల. "సంతకానికి సార్ గదికి పోయిన, ఆ కమాండు సార్ కొడుతుంటె నా కండ్లతోని చూసిన, సోమారం నేనొచ్చి చెప్త" అంటున్నది. ఏడువకు బిడ్డా. కృష్ణయ్య గారూ, ఇప్పుడు సస్పెండు చెయ్యనీకి ఇద్దరైండ్రు. ఆశన్న గారూ, మీరు గూడ విన్నరు, ఎంక్వైరీల విననట్టు కూసోకుండ్రి.

పొగిడినోళ్లకు, వంటలు చేసినోళ్లకు, నా కోపం ఓర్చుకున్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఇన్నేండ్ల కొలువుల నేను ఇంత కోపంగ ఎన్నడు మాట్లాడలే, ఇంత సంతోషంగ ఎన్నడు కూసోలే. రాధమ్మా, నువ్వు నిలబడే ఉండు. నాకు సెలవు.