ఎక్కడికని అడగలేదు

పోలీసువారు అడిగినందున చెబుతున్నాను. నా పేరు అద్దంకి తారాదేవి. వయసు యాభై రెండు. గృహిణిని. ఇక్కడే సింగపూరులో, ఆంగ్ మో కియో పేటలో, తొమ్మిదో అంతస్తులో, భర్తతో, కూతురు కీర్తికతో ఉంటున్నాను. చనిపోయిన రోలండ్ పెంబ్రీ గారిది మా పక్క ఫ్లాటు. పన్నెండేళ్ళుగా తెలుసు.

ఆయన ఇంగ్లండువారు. పదిహేడో ఏట లండన్‌లో ఒక టీవీ సంస్థలో టేపుల డబ్బాలు మోసే పనిలో చేరి, ఏ కార్యక్రమం రావాలో ఏది ఆగిపోవాలో నిర్ణయించే అధికారి అయ్యారు. తర్వాత ఇక్కడ వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో పిల్లల చానల్ నడపడానికి వచ్చి, ఇక్కడి ఆవిడనే పెళ్ళి చేసుకున్నారు. చానల్ మూతపడింది. మూడేళ్ళ క్రితం ఆవిడా పోయారు. నేను పులిహోర పంపితే "తారా గారూ, దీనికి రెండో సీజన్ ఇచ్చేశాను" అనేవారు. "గారు" అనడం నా దగ్గరే నేర్చుకున్నారు.

వాళ్ళ పెదనాన్న రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడే ఖైదీగా చనిపోయారు. క్రాంజీలో, యుద్ధంలో పోయినవాళ్ళ శ్మశానంలో సమాధి ఉంది. ఆ పెదనాన్న మీద డాక్యుమెంటరీ తీస్తామని ఆఫీసులో కుర్రవాళ్ళు అడిగితే, "మా ఇంటి ఏడుపు ఊరికి చూపించడమేమిటి" అని పెంబ్రీ గారే ఆపేశారట. ఇన్నేళ్ళూ అక్కడికి వెళ్ళనూ లేదు. ఈ మాట చాలాసార్లు చెప్పారు. చెప్పి, టీ చల్లారిపోయిందనేవారు.

నిన్న ఉదయం తొమ్మిదిన్నరకు మా తలుపు కొట్టారు. టై కట్టుకున్నారు. ఆ ఎండలో టై. పూజకు తెచ్చిన బంతిపూలలో ఒకటి అడిగారు. పెద్దది చూసి ఇచ్చాను. గొడుగు కూడా ఇచ్చాను. ఎక్కడికని అడగలేదు. బయల్దేరేవాళ్ళను అలా అడిగితే వెళ్ళిన పని కాదని మావాళ్ళం అడగం. ఆయన లిఫ్టు తలుపు చేత్తో ఆపి కాసేపు నిలబడ్డారు. అడుగుతానని చూశారేమో. "జాగ్రత్తండీ" అన్నాను. తలుపు మూసుకుంది.

కబురు తెలిశాక కీర్తిక, "ఒక్క మాట అడిగితే ఏమైపోయేదమ్మా? జస్ట్ ఆస్క్ లా" అని ఇక్కడివాళ్ళ యాసలో అంది. అడిగి ఉంటే తోడు వెళ్ళేదాన్ని. ఆ టై విప్పించేదాన్ని.

మధ్యాహ్నం క్రాంజీలో బస్‌స్టాపు బెంచీ మీద ఒరిగిపోయి కనిపించారని, గుండె ఆగిందని మీరు చెప్పారు. మతి తప్పి, దారి తప్పి తిరిగారని రాసుకున్నారు. ఇంగ్లండులో ఉన్న ఆయన చెల్లెలికీ అదే తెలియజేస్తామన్నారు. మతిమరుపు నిజమే. రెండుసార్లు ఆయన తాళంచెవి మా తలుపుకు పెట్టి తిప్పారు.

కానీ ఆయన దగ్గర దొరికాయని మీరు బల్లమీద పెట్టినవి చూశాను. నా గొడుగు ఉంది. కళ్ళజోడు, పర్సు ఉన్నాయి. పువ్వు లేదు. ఆ స్టాపులో ఆగేది ఇంటివైపు వచ్చే తిరుగు బస్సని మీరే అన్నారు. ఆ శ్మశానంలో ఒకసారి చూడమని అడిగాను. పెంబ్రీ అని పేరున్న రాయి దగ్గర బంతిపువ్వు ఉందని, వాడిపోయిందని మీ మనిషి ఇప్పుడే ఫోనులో చెప్పారు.

వెళ్ళిన పని అయింది.

ఇదంతా నేను తెలుగులో చెప్పగా రాసి, నాకు చదివి వినిపించారు. మీ రిపోర్టులో "దారి తప్పి" అన్న మాట కొట్టేయమన్నాను. కొట్టేశారు. మిగిలినదంతా నిజం.

(సంతకం) అద్దంకి తారాదేవి