సామ్రాజ్యానికి ఊపిరి పోసినవాణ్ణి

కూర్చో అల్లుడూ, కూర్చో. బస్సుకింకా బోలెడు టైముంది. ముందా సంచీ భుజం మీంచి దించు, చూసేవాళ్ళకి నిన్ను నేనే తరిమేస్తున్నట్టుంది. అక్కా, మా అల్లుడికో టీ, పంచదార దండిగా వెయ్యి. విన్నారా, మన గాజు ఫ్యాక్టరీ మూతపడుతుందని ఎవడో అన్నాడట, ఈయనగారు వేరే ఊళ్ళో సీసాలు ఊదడానికి పెళ్ళాన్నీ పిల్లనీ వెంటేసుకుని ఈ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతాడట! అదిగో, మా అమ్మాయి పిల్లనెత్తుకుని అప్పుడే స్టాపులో నిలబడింది. దానికసలు బస్సు పడదు. కిటికీ పక్క సీటు దొరక్కపోతే దారంతా వాంతులే.

వారం నుంచి మీ అందరికీ సెలవన్నారు, గేటు వేశారు, నిజమే. కానీ నిప్పు చూసేవాణ్ణి, నన్నొక్కణ్ణే లోపలికి రానిస్తున్నారంటే అర్థమేంటి? బట్టీ ఉంటుందనేగా! పెద్దవి అంత తేలిగ్గా కూలవయ్యా. ఫ్యాక్టరీలే కాదు, సామ్రాజ్యాలైనా అంతే. నాకెలా తెలుసంటే, ఒకదాన్ని నేనే నిలబెట్టొచ్చాను కాబట్టి.

"మొదలెట్టాడు," అన్నాడు ప్యాకింగ్ బావ.

నవ్వకు బావా. గడ్డిలో సీసాలు చుట్టేవాడివి, నిప్పు సంగతి నీకేం తెలుసు? నా జేబు వైపు కూడా చూడకు, సిగరెట్లు లేవు. ఆ ఏడు వానలకి బొగ్గు లారీలు రాకపోతే బట్టీ ఆరకుండా చూసిందెవరు? ఆరిందంటే లోపల గాజు బండలా గడ్డకడుతుంది, గాజు కరిగించే కుండలు పగులుతాయి, ఇంకంతే సంగతులు. విరిగిన పెట్టెలు వేశాను, పాత బల్లలు వేశాను, ఆఖరికి ఓనరు కుర్చీ కూడా వేసేశాను, ఆయన అందులోంచి లేచాడో లేదో చూసుకోలేదు. నిప్పులోకి చూసే నా నీలం అద్దాల కళ్ళజోడే సాక్షి. అది బట్టీ పక్కన మేకుకే ఉంటుంది, నిప్పున్నంత కాలం అక్కణ్ణుంచి కదలదు. పెళ్ళి కుదిరిన కొత్తలో నీకు బట్టీ చూపిద్దామని అది పెట్టబోతే, దాని వేడికి చెవి చురుక్కుమని గంతేశావు, గుర్తుందా అల్లుడూ?

"గుర్తుంది మామయ్యా." అల్లుడు రోడ్డవతల పొగగొట్టం వైపు చూశాడు. "ఇవాళ పొగ రావట్లేదేంటి?"

నిప్పు లేందే పొగ రాదంటారు గానీ, పొగ లేకపోతే నిప్పే లేదని ఎవడన్నాడు? మంచి నిప్పుకి పొగుండదు. కథ విను. ఇంక వెయ్యడానికేమీ దొరక్క, నేల్లో బొగ్గేమైనా ఉందేమోనని బట్టీ వెనకాల తవ్వుతుంటే గునపం దిగబడింది, దాంతోపాటు నేనూ దిగబడ్డాను. పడ్డాను, పడ్డాను, పడుతూనే ఓ కునుకు తీశాను. కళ్ళు తెరిస్తే పెద్ద కొలువు! సింహాసనం మీద చక్రవర్తి, ఆయన గడ్డం మెట్లు దిగి, గుమ్మం దాటి, వీధి మలుపు తిరిగిపోయింది. మూడు వేల ఏళ్ళ నాటి సామ్రాజ్యం. అది చితికిపోయి ఎన్నాళ్ళయిందో గానీ, ఆ మాట ఆయనకి చెప్పే ధైర్యం ఒక్కడికీ లేదు. సరిహద్దు నుంచి కబుర్లు రావట్లేదేమంటే, దారిలో ఉన్నాయి ప్రభూ అంటాడు ఒక మంత్రి. సైనికులకి జీతాల్లేక కళ్ళు లోతుకుపోతే, ఉపవాసం మీదున్నారు ప్రభూ అంటాడు ఇంకొకడు. ధాన్యం కొట్లోంచి ఎలకలు కూడా వలసపోయాయి. కొట్టు శుభ్రంగా ఉంది ప్రభూ!

"మొన్న మీ సూపర్‌వైజరూ ఇక్కడే నిలబడి అలాగే అన్నాడు, అంతా బాగానే ఉందని," అంది టీ కొట్టు అక్క.

ఆయన మాటెందుకిప్పుడు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? చక్రవర్తి నన్ను చూసి భోరుమన్నాడు. నాయనా, నా సామ్రాజ్యం చతికిలబడింది, లేపి పుణ్యం కట్టుకో అన్నాడు. అదెంత పని! గాజు ఊదే గొట్టం తీసి కోటగుమ్మంలో పెట్టి ఒక్క ఊదు ఊదాను. గాజు బుడగ లేచినట్టు లేచింది. ఇంకోసారి ఊదితే సరిహద్దు కొండలెక్కి దిగింది. మళ్ళీ ఊదితే సముద్రంలోకి పోయింది, చేపలు పన్ను కట్టడానికి వరసలో నిలబడ్డాయి. చక్రవర్తి సింహాసనమెక్కి ఇంకొంచెం, ఇంకొంచెం అని గంతులు. చందమామకి తగిలేదాకా ఊదాను, కావాలంటే చూడండి, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

"ఊదేకొద్దీ గోడ పల్చబడుతుంది కదా మామయ్యా," అన్నాడు అల్లుడు. "మీరే నేర్పారు నాకు."

నేర్పితే నేర్పాను, నా కథకే అడ్డొస్తావా? పల్చబడింది, కాదనను. ఎంత పల్చనంటే, రాజధానిలో ఒకడు తుమ్మితే సరిహద్దు ఊగేది. ఇటు నిలబడి చూస్తే అటు శత్రువులు అన్నం తినడం కనిపించేది. ఓ పిచ్చుక వచ్చి వాలబోతే, దాన్ని గాల్లోనే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆకాశాన్ని ఎత్తి పట్టుకుని...

"నీ మాటలు కోటలు దాటుతున్నాయన్నయ్యా," అంది టీ కొట్టు అక్క, "అల్లుణ్ణి మాత్రం గడప దాటనివ్వవు."

ఎందుకు దాటాలి? ఎంత పల్చనైనా కింద నిప్పుంటే నిలుస్తుంది! ఆ సామ్రాజ్యం అడుగున నిప్పు చూసేవాడొకడున్నాడు. అంత సామ్రాజ్యమూ వాడి మీదే ఉంది. వాడికో పొద్దున కబురొచ్చింది, ఇంక బొగ్గు వెయ్యక్కర్లేదని. పంపింది చక్రవర్తి కాదు, ఆయన అప్పటికే ఎటో చెక్కేశాడు. ఎవరికీ చెప్పకు, జనం గోల చేస్తారు అన్నారు. వాడేం చేస్తాడు? ఇంటికెళ్ళాడు, కూతురు కంచంలో అన్నం పెట్టింది, దాని మొహం చూసి ఏం చెబుతాడు...

"ఇంతకీ కూలిందా అది?" ప్యాకింగ్ బావ ఈసారి నవ్వలేదు.

కూలితే మాత్రం ఆకాశం ఊడిపడుతుందా? మర్నాడు జనం కోట ఇటుకలు పీక్కెళ్ళి పొయ్యిలు కట్టుకున్నారు. సింహాసనం మీద ఓ ముసలమ్మ తడిబట్టలు ఆరేసింది. చేతిలో పనితనమున్నవాళ్ళు పనున్న ఊళ్ళకి పోయారు. వాళ్ళకి పిల్లలు పుట్టారు, రాజధాని ఎటువైపుండేదో కూడా ఆ పిల్లలకి తెలీదు, హాయిగా నవ్వుకుంటూ పెరిగారు. అంతేగా, భయమెందుకు? అయినా అది కూలనివ్వలేదంటుంటే! నేను మళ్ళీ గొట్టం పెట్టి, ఈసారి రెండు ఊపిరితిత్తులూ నింపుకుని...

"మామయ్యా," అన్నాడు అల్లుడు. "ఇందాకట్నుంచి జేబు మీద చెయ్యి తియ్యట్లేదు మీరు."

అతను లేచి, మామ చెయ్యి మెల్లగా పక్కకి జరిపి, చొక్కా జేబులోంచి నీలం అద్దాల కళ్ళజోడు బయటికి తీశాడు.

తుడుద్దామని తెచ్చానయ్యా. అద్దం మసకేసింది.

అల్లుడు దాన్ని అరచేతిలో పట్టుకుని చూశాడు. తర్వాత చెవికి ఆనించుకున్నాడు.

"చల్లగా ఉంది మామయ్యా."

టీ కొట్టు అక్క గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మలుపులో బస్సు హారన్ మోగింది.

బస్సొస్తోంది అల్లుడూ, అలా నిలబడ్డావేంటి? పరిగెత్తు. ముందెక్కి మా అమ్మాయికి కిటికీ పక్క సీటు పట్టు.