నోరు తెరిచే ఉంచండి

ఏవిటండీ ఆ చూపు? మొగుడైతే మాత్రం? ఈ పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నాక మీరు నాకు పేషెంటే. నోరు తెరిచే ఉంచండి. ఇంకా, ఇంకా... ఆఁ. ఇంట్లో ఏనాడైనా నన్ను మాట పూర్తి చెయ్యనిచ్చారా? ఇవాళ నా వంతు.

ఊఁ అనకండి, దూది జారుతుంది.

లోకంలో మొగుళ్ళందరూ పెళ్ళాల్ని తిడతారు. కానీ అర్థమయ్యే భాషలో తిడతారు! మీరేమో ఇంగ్లీషువాళ్ళే మర్చిపోయిన మాటల్ని పాత డిక్షనరీలోంచి తవ్వి తెచ్చి విసురుతారు. నేను అర్థం వెతుక్కుని కోపం తెచ్చుకునేసరికి, మీరు భోంచేసి గుర్రు పెడుతుంటారు. తిట్టన్నాక తిట్టినప్పుడే తగలాలి కదండీ!

పెళ్ళైన కొత్తలో నన్ను చూసి "స్కర్రీఫంజ్" అన్నారు. ఇదేదో కొత్తరకం చిగుళ్ళ జబ్బు కాబోలనుకుని అద్దం ముందుకు పరిగెత్తాను. తీరా చూస్తే, చుట్టాలు గుమ్మంలోకొచ్చాక హడావిడిగా ఇల్లు సర్దడమట! మరి మీ అక్కగారు చెప్పాపెట్టకుండా ఊడిపడితే ఎవరు సర్దుతారు, మీరా?

మా తమ్ముడు బ్రహ్మాండంగా "గ్రోక్" చేస్తాడన్నారు. వాడు మురిసిపోయి ఆఫీసంతా చాటుకున్నాడు. ఎదుటివాళ్ళు తింటుంటే, నాకూ పెడతారేమోనని గుడ్లప్పగించి చూడడమట. ఇప్పటికీ వాడికి తెలీదు పాపం.

తల కదపకండి, డ్రిల్లు నడుస్తోంది.

సరే, నన్నన్నారు, వాణ్ణన్నారు, పోనీలే అనుకున్నాను. మొన్న అమ్మాయిని అనడమేవిటండీ? ఉద్యోగం మానేసి చెప్పుల డిజైన్లు గీసుకుంటోంది. మొట్టమొదటి ఆర్డరివ్వడానికి చెప్పుల షాపాయన ఇంటికొచ్చాడు. మీరు పేపరు చాటునుంచి, "మా అమ్మాయి రోజంతా ఫజెల్ చేస్తుంటుందండీ" అన్నారు. అదేదో తోలు కుట్టే పద్ధతనుకుని ఆయన "ఓహో" అన్నాడు. కానీ అమ్మాయి నాలా కాదుగా! అక్కడికక్కడే ఫోన్లో చూసేసింది. ఏ పనీ చెయ్యకుండా చేస్తున్నట్టు నటించడం.

దాని మొహం మీరు చూళ్ళేదు. నేను చూశాను. నవ్వుతూనే ఆర్డరు రాసుకుంది, ఆయన వెళ్ళగానే గీసిన బొమ్మలన్నీ అట్టలో చుట్టేసింది.

ఇవాళ సాయంత్రం స్నేహితురాలి గదికి మారిపోతోంది, తెలుసా? పొద్దున్న సూట్‌కేసు దాటుకునే కదండీ బాత్‌రూమ్‌కి వెళ్ళారు! ఎక్కడికమ్మా అని ఒక్క మాట అడిగారా?

అదే డిక్షనరీలో "యాప్రిసిటీ" అని ఉంది. చలికాలపు ఎండలోని వెచ్చదనం. ఎంత బావుందో! ఇలాంటివి మీ కంట పడవేం? అయినా కూతురు గీసిన బొమ్మ చూసి "బావుందమ్మా" అనడానికి డిక్షనరీ ఎందుకండీ?

తెలుసు, తెలుసు, సరదాకే అన్నారు. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. అమ్మాయి వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేనుండలేను. మీరూ ఉండలేరు, ఒప్పుకోరు గానీ.

ఇదిగో, డ్రిల్లు తీశాను. ఇప్పుడు తలూపండి. ఇంటికెళ్ళి దానికి తప్పయిందని చెప్తారా? ఏవిటా ఊపు, నిలువా అడ్డమా? సరిగ్గా... ఆఁ, అలా.

అయ్యో, కళ్ళనీళ్ళెందుకండీ? నొప్పి తెలీకూడదే!

పుక్కిలించండి. కారిపోతోందా? మూతి మొద్దుబారింది మరి. నిజం చెప్పనా? పుచ్చిన పన్ను ఒక పక్కే ఉంది. రెండో పక్క మత్తు నేనే కావాలని ఇచ్చాను. సాయంత్రం దాకా మీ నోట ఏ ఇంగ్లీషు మాటా పలకదు. ముద్దముద్దగా "తప్పయిందమ్మా" అనండి చాలు. దానికి అర్థమవుతుంది.