మూడోసారి కూడా వేడిగానే

షార్జా గ్యారేజీలో మెకానిక్ ఆ పాత కారు బానెట్ మీద చెయ్యి ఆనించి, చటుక్కున తీసేశాడు.

"మళ్లీ కాలిపోతాండాది కదన్నా! చల్లటి ఇంజిన్ స్టార్టయ్యే శబ్దం వింటేగానీ బండి కొనేటోడు నమ్మడు."

"ఎనిమిది లక్షల కిలోమీటర్లు తిరిగింది భాయ్. ఇంజిన్ ఒక్కసారన్న విప్పలే," అన్నాడు కారు తెచ్చిన డ్రైవర్.

"నాకు తెల్దా? పొద్దున్నే యాడికి పోయినావు?"

"ఖోర్ ఫక్కాన్ దాంక, వంద కిలోమీటర్లు."

"పనిబడిందా?"

"పనేం లేదు."

"ఇట్ట వేడిగా తెచ్చేది ఇది మూడోసారి. నీకు వీసా ఇచ్చిన కఫీల్ బండి అమ్మేయమన్నాడు కదా, అమ్మేస్తే నీకూ డ్యూటీ ఖలాస్. ఊరికి పోవచ్చు."

"ఊర్ల నాకెవలున్నరు భాయ్?"

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "బండి ఈడనే పెట్టిపో. రేపటికి చల్లబడతాది."

డ్రైవర్ తాళంచెవి గుప్పిట్లో బిగించాడు. "వద్దు. రేపు చల్లగనే తెస్త."

కారెక్కి, రూముకు తిరగాల్సిన మలుపు దాటేసి, నేరుగా ముందుకే పోయాడు.