బండలు సర్దుకునే వేళ

తెల్లవారుజామున నేల ఊగేసరికి తోటికోడళ్లిద్దరూ ఎవరింట్లోంచి వాళ్లు పరుగెత్తుకొచ్చి, మంచులో చెరకుతోట గట్టు మీద కూలబడ్డారు. నిరుడు ఎవరి చెరకు ముందు గానుగాడాలని తగువుపడ్డ దగ్గర్నుంచీ వాళ్లకు మాటల్లేవు. పెద్దామె బింకంగా అటు తిరిగి కూర్చుంది. చిన్నామే నోరు విప్పింది.

"అక్కా, ఆదిశేషుడు పడగ మార్సేడంటావా?"

"కాదే. కాలేజీలో సెప్పేరని మా గుంట అంది. బెల్లం పెనంలో రసం మీద తెట్టు కదిలినట్టు, నేల కింద పెద్దపెద్ద బండలు మెల్లగా కదుల్తుంటాయంట. ఒకదాన్నొకటి నెట్టుకుని బిగుసుకుపోతాయంట."

"బిగుసుకుంటే కదలవు, మంచిదే గదా?"

"ఏటి మంచి? ఆ బిగువంతా లోపలే పేరుకుని, ఓర్సుకోలేక ఒక్కసారి జారిపోతాయి. అప్పుడే నేలూగుతాది."

నేల మళ్లీ సన్నగా వణికింది. చిన్నామె గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇదేటక్కా మళ్లీ?"

"జారిన బండలు సర్దుకుంటన్నాయి. కుదురుకునేదాకా ఇలాగే వణుకుతాదంట."

చెరకు పూలు మంచులో తెల్లగా తేలుతున్నాయి. చాలాసేపు ఏమీ కదల్లేదు.

"ఆగిపోయినట్టుంది. ఇక ఎల్లొస్తానక్కా."

నేల నిలకడపడిందని పెద్దామెకూ తెలుసు. అయినా చెయ్యి వదల్లేదు.

"ఇంకోటి వస్తాదే. కూకో."